కెన్నీ కర్క్‌లాండ్: పేరు పక్కవారిది, పియానో ఆయనది

పాత_క్యాసెట్ (విజయవాడ)

ఈ జాజ్ విభాగంలో మైల్స్ డేవిస్ మీద, కోల్ట్రేన్ మీద, హెర్బీ హాన్‌కాక్ మీద పేజీలకు పేజీలు రాసుకున్నాం. పియానిస్టు కెన్నీ కర్క్‌లాండ్ మీద ఒక్క చర్చ కూడా లేదు. వెతికి చూశాను. వేరేవాళ్ల ఆల్బమ్ గురించి మాట్లాడుతూ చివర్లో "పియానో: కర్క్‌లాండ్" అని రాసిన చోట్లే కనిపించాయి. ఆయన బతికున్నన్నాళ్లూ జరిగింది అదే. అందుకే ఆయన పేరు తలకెత్తి ఈ చర్చ మొదలుపెడుతున్నాను.

తెలియనివారి కోసం కొంచెం. 1955 సెప్టెంబరు 28న న్యూయార్క్‌లోని బ్రూక్లిన్‌లో పుట్టాడు. ఆరేళ్లప్పుడు పియానో ముందు కూర్చున్నాడు. మాన్‌హట్టన్ స్కూల్ ఆఫ్ మ్యూజిక్‌లో పాశ్చాత్య శాస్త్రీయ పియానో, స్వరరచన చదువుకున్నాడు. 1977లో పోలండ్ వయొలిన్ విద్వాంసుడు మిహావ్ ఉర్బానియాక్ ఫ్యూజన్ (జాజ్‌ను రాక్‌తో కలిపే సంగీతం) బృందంతో యూరప్ తిరిగాడు. ఆ తర్వాత మిరొస్లావ్ విటౌష్ బృందంలో చేరి ఇ.సి.ఎం. సంస్థకు రెండు రికార్డులు చేశాడు (వెదర్ రిపోర్ట్ అనే ఫ్యూజన్ బృందం పెట్టినవాళ్లలో ఒకడైన బాస్ విద్వాంసుడే ఈ విటౌష్). 1980లో ట్రంపెట్ విద్వాంసుడు తెరుమాసా హినోతో జపాన్ వెళ్లినప్పుడు ఇంకో ట్రంపెట్ విద్వాంసుడు వింటన్ మార్సాలిస్ పరిచయమయ్యాడు. అక్కడి నుంచి కథ మారిపోయింది. వింటన్ మొదటి ఆల్బమ్‌లో పియానో పనిని హెర్బీ హాన్‌కాక్, కర్క్‌లాండ్ పంచుకున్నారు. ఆ తర్వాత వచ్చిన 'థింక్ ఆఫ్ వన్', 'హాట్ హౌస్ ఫ్లవర్స్', 'బ్లాక్ కోడ్స్' మూడింటిలోనూ పియానో ఆయన ఒక్కడిదే.

1998 నవంబరులో గుండె దెబ్బతిని పోయాడు. 43 ఏళ్లు. తన పేరు మీద వచ్చిన ఆల్బమ్ ఒకే ఒక్కటి, 1991లో.

నేను అనేది ఇంతే. "పాపం ఒక్క ఆల్బమే చేశాడు" అనే కొలతతో ఆయన్ని కొలవడం అన్యాయం. ఆయన ఆస్తి అంతా ఇతరుల రికార్డుల్లో ఉంది. ఆ 80ల, 90ల జాజ్‌లోంచి ఆయన చేతులు తీసేసి మిగిలింది వినండి, ఎంత బోసిగా ఉంటుందో తెలుస్తుంది. మీకు ఆయన మొదట ఎక్కడ తగిలాడు, ఏ చోట చెవి ఆగిపోయింది, రాయండి.

ఎడమచెయ్యి (హైదరాబాద్)

నమస్తే అండి. మంచి పని చేశారు. నేను కీబోర్డు వాయించి బతికేవాణ్ని. నా తరం కీబోర్డు వాళ్లలో చాలామందికి కర్క్‌లాండ్ దొరికింది జాజ్ రికార్డులో కాదు, పాప్ గాయకుడు స్టింగ్ రికార్డులో. 1986 నాటి 'బ్రింగ్ ఆన్ ది నైట్' లైవ్ ఆల్బమ్, అందులో మొదటి పాట. స్టింగ్ పాత రాక్ బృందం 'ది పోలీస్' నాటి రెండు పాటలు కలిపి పదకొండు నిమిషాలు దాటేలా వాయించారు. ఆ మధ్యలో ఉంటుంది పియానో సోలో.

దాన్ని కాగితం మీద పెట్టే పనిలో కొన్ని నెలలు కూర్చున్నాను. కాబట్టి కొంచెం దగ్గరగా చెప్పగలను. కింద పాట చట్రం చాలా చిన్నది. అవే కొద్ది కార్డ్స్ (ఒకేసారి మోగించే స్వరాల గుంపులు) మళ్లీ మళ్లీ తిరుగుతుంటాయి. అలాంటి చోట మామూలు వాద్యగాడు రెండు ఆవృత్తాల్లోనే ఉన్న సరుకంతా కుమ్మరించేస్తాడు. కర్క్‌లాండ్ చిన్న ముక్క వేసి ఆగుతాడు. ఆ ముక్కనే ఇంకో అక్షరం పక్కకు జరిపి మళ్లీ వేస్తాడు. ఒమర్ హకీమ్ డ్రమ్స్ మీద దాన్ని పట్టుకున్నాడని తెలిశాకే ఇంకో మెట్టు ఎక్కుతాడు. కుడిచెయ్యి ఎంత పరుగెత్తినా ఎడమచెయ్యి వేసే దెబ్బ తన చోటు వదలదు. సోలో మొత్తంలో ఒక్క స్వరం కూడా "చూడండి నా వేగం" అని అడగదు. వేగం ఉంది, చాలా ఉంది. కానీ అది అవసరమైనప్పుడే వస్తుంది.

నా దగ్గర నేర్చుకునే పిల్లలకు ఆ సోలోలో వేగమున్న భాగం ఇవ్వను. మొదటి నిమిషం ఇస్తాను. ఎక్కడ వాయించకుండా ఉన్నాడో గుర్తులు పెట్టుకురమ్మంటాను.

మోహనరాగం (రాజమండ్రి)

నేను వయొలిన్ మనిషిని, కర్ణాటక సంగీతం. జాజ్‌లోకి నన్ను తీసుకొచ్చింది పక్కవాద్యం మీద ఉన్న ఆసక్తే. సోలో వాయించేవాడి వెనకాల పియానో మీద కార్డ్స్ వేస్తూ నడిపించడాన్ని వాళ్లు కంపింగ్ అంటారు. కచేరీలో గాయకుడు ఆలాపన చేస్తుంటే వయొలిన్ వెంట వెళ్లే తీరు వేరు, ఇది వేరు. మేము నీడలా వెనక వస్తాం. వాళ్లు ఎదురొస్తారు. సోలో వాయించేవాడి వాక్యం పూర్తవకముందే దాని తర్వాతి దారిని పియానో చూపిస్తుంది. అతను ఆ దారి పట్టొచ్చు, మానొచ్చు.

'బ్లాక్ కోడ్స్'లో కర్క్‌లాండ్ కంపింగ్ ఒక్కటే వినండి. ట్రంపెట్ మీదా శాక్సఫోన్ మీదా చెవి పెట్టకుండా పియానోనే పట్టుకోండి, కష్టమే కానీ చేయండి. ఎడమచేతిలో స్వరాలు స–మ దూరంలో ఒకదాని మీద ఒకటి పేర్చి ఉంటాయి. కోల్ట్రేన్ బృందంలో పియానిస్టు మెకాయ్ టైనర్ పరిచిన బాట అది. అలా పేర్చిన కార్డుకు ఇది మేజర్, ఇది మైనర్ అని గట్టిగా ముద్ర ఉండదు. దాంతో పైన వాయించేవాడికి ఎటైనా వెళ్లే వీలుంటుంది. తన వంతు వచ్చినప్పుడు కర్క్‌లాండ్ కుడిచేత్తో మా మోహనలాంటి ఐదు స్వరాల వరస ఒకటి అందుకుంటాడు. హఠాత్తుగా మొత్తం వరసని అర మెట్టు పైకి జరుపుతాడు. ఇది గ్రహభేదం కాదు. అందులో స్వరాలు అవే ఉండి షడ్జమం మారుతుంది, ఇక్కడ షడ్జమంతో సహా వరసంతా జరిగిపోతుంది. కింద బాస్ మాత్రం పాత చోటే ఉంటుంది. రెండు మూడు అక్షరాల కాలం చెవికి నేల దొరకదు. మళ్లీ సరిగ్గా ఇంటికొచ్చి వాలతాడు. ఆ రావడంలో తడబాటు నాకు ఇంతవరకు వినపడలేదు.

తాళం సంగతి ఇంకోటి. జెఫ్ వాట్స్ డ్రమ్స్ మీద గతిభేదం చేస్తే, అంటే చతురశ్రంలో నడుస్తుండగా తిశ్రాన్ని కొత్త కాలప్రమాణంలా చూపిస్తే, కర్క్‌లాండ్ అదే క్షణంలో అందుకుంటాడు. కొన్నిచోట్ల తనే ముందు మొదలుపెట్టి వాట్స్‌ను లాగుతాడు. ఇద్దరిలో ఎవరు మృదంగం, ఎవరు ప్రధాన వాద్యం అని చెప్పలేని స్థితి. ఆ స్థితి కోసమే నేను జాజ్ వింటాను.

నిక్కచ్చి (బెంగళూరు)

అందరూ మెచ్చుకుంటున్నారు కాబట్టి వేరే మాట ఒకటి అంటాను, పట్టుదలతో కాదు.

"గుర్తింపు రాలేదు" అనడం ఎంతవరకు నిజం? 'బ్లాక్ కోడ్స్' గ్రామీ గెలిచింది. స్టింగ్‌తో ప్రపంచమంతా తిరిగాడు. 1992లో వింటన్ అన్న, శాక్సఫోన్ విద్వాంసుడు బ్రాన్‌ఫర్డ్ మార్సాలిస్ 'టునైట్ షో' అనే టీవీ కార్యక్రమం బృందాన్ని నడిపినప్పుడు అమెరికా ఇళ్లన్నింటిలో రాత్రిపూట వినపడిన పియానో ఈయనదే. వాద్యకారుల్లో ఆయన పేరు తెలియనివాడు లేడు. ఇది అనామకుడి కథ కాదు. హెర్బీ నికల్స్ అనే పియానిస్టు ఉన్నాడు చూడండి, థెలోనియస్ మంక్ స్థాయి స్వరరచన చేసి బతుకుతెరువు కోసం డిక్సీల్యాండ్ (పాతకాలపు తరహా జాజ్) బృందాల్లో వాయించి 1963లో 44 ఏళ్లకు పోయాడు. గుర్తింపు లేకపోవడం అంటే అది.

కర్క్‌లాండ్ విషయంలో నా బాధ వేరు. ఆయన తన సొంత సంగీతం మీద తగినంత కూర్చోలేదు. పాప్ టూర్లకూ టీవీకీ ఇచ్చిన ఆ ఏళ్లలో ఇంకో మూడు నాలుగు ఆల్బమ్‌లు సొంతంగా చేసి ఉంటే ఈ చర్చ అవసరమే ఉండేది కాదు.

గోదారి_డెట్రాయిట్ (మిషిగన్)

నిక్కచ్చి గారూ, మీ ప్రశ్న న్యాయమైనదే. కానీ పాప్ టూర్లకు "ఇచ్చిన" ఏళ్లు అన్నారు చూశారా, అక్కడ మీతో కలవలేను.

1985లో ఏం జరిగిందో చూడండి. వింటన్ బృందం అప్పటికి జాజ్‌లో అందరి కళ్లూ పడిన బృందం. బ్రాన్‌ఫర్డ్, కర్క్‌లాండ్ ఇద్దరూ అది వదిలి స్టింగ్‌తో వెళ్లారు. వింటన్ బాహాటంగానే నొచ్చుకున్నాడు. జాజ్ పత్రికల్లో దాని మీద పెద్ద రభస. శుద్ధ సంప్రదాయం వదిలి డబ్బు కోసం పోయారన్నారు. ఆ మాట బ్రాన్‌ఫర్డ్‌కు త్వరగానే వదిలింది, ఆయన మాటకారి, జవాబు చెప్పుకోగలడు. కర్క్‌లాండ్ జవాబు చెప్పే మనిషి కాదు. విమర్శకులు ఆయన్ని రెండు వైపులా వదిలేశారు. జాజ్ వాళ్లకు పాప్ మనిషి, పాప్ వాళ్లకు స్టింగ్ వెనక నిలబడిన ఒక కీబోర్డు మనిషి.

కానీ స్టింగ్ ఎవరిని పోగేశాడో చూడండి. డ్రమ్స్ మీద వెదర్ రిపోర్ట్‌లో వాయించిన ఒమర్ హకీమ్. బాస్ మీద మైల్స్ బృందం నుంచి డారిల్ జోన్స్. స్టింగ్ ఆల్బమ్ 'ది డ్రీమ్ ఆఫ్ ది బ్లూ టర్టిల్స్'లో టైటిల్ ముక్క వినండి, ఒకటిన్నర నిమిషం కూడా ఉండదు, మాటలు లేవు, నేరుగా జాజ్. అదే ఆల్బమ్‌లో 'షాడోస్ ఇన్ ది రెయిన్' మొదలవుతుంటే బ్రాన్‌ఫర్డ్ ఏ శ్రుతిలో వాయించాలి అని అరవడం రికార్డులోనే ఉంది. ఆ తొందర, ఆ సందడి వదలకుండా ఉంచేశారు. ఇది అద్దెకు తెచ్చుకున్న వాద్యకారుల వాతావరణం కాదు. మైకేల్ ఆప్టెడ్ తీసిన డాక్యుమెంటరీలో ఆ బృందం రిహార్సల్ చేస్తున్న దృశ్యాలు చూస్తే ఇంకా తెలుస్తుంది.

కోట్లమంది పాప్ శ్రోతలకు అసలైన పియానో సోలో అంటే ఏమిటో మొదటిసారి వినిపించినవాడు ఆయన. మన ఎడమచెయ్యి గారు అలా విన్నవారే కదా. దాన్ని నష్టం కింద రాయడానికి నాకు చెయ్యి రాదు.

ఎడమచెయ్యి (హైదరాబాద్)

గోదారి గారి మాటకు ఒకటి జోడిస్తాను. "పియానిస్టు" అంటున్నాం గానీ కర్క్‌లాండ్ కీబోర్డు మనిషి కూడా. ఈ రెండూ వేరు పనులు. పియానో మీద మీట నొక్కగానే శబ్దం పుట్టి తగ్గిపోతుంది. సింథసైజర్ మీద అలా కాదు, పట్టుకున్నంతసేపూ నిలబడుతుంది. పియానో అలవాటుతో సింథ్ మీద చెయ్యి వేస్తే పాట అంతా బురదైపోతుంది. స్టింగ్ 1987 ఆల్బమ్ 'నథింగ్ లైక్ ది సన్'లో కీబోర్డు ఎంత తక్కువ చోటు తీసుకుంటుందో గమనించండి. గొంతుకు పైనా, శాక్సఫోన్‌కు కిందా ఉన్న సన్నని ఖాళీలో కూర్చుంటుంది. జాజ్ సోలోకు ఎంత చెవి కావాలో దీనికీ అంత చెవి కావాలి. పాటకు ఏం అక్కర్లేదో తెలిసినవాడే అలా వాయించగలడు.

రోజూ స్టూడియోలో ఈ పని చేసే నాకు ఆయన సోలోల కన్నా ఇదే పెద్ద పాఠమైంది.

కొత్తచెవి (వరంగల్)

అందరికీ నమస్కారం. నేను ఇంజనీరింగ్ మూడో సంవత్సరం. జాజ్ ఈ మధ్యే మొదలుపెట్టాను, మైల్స్ డేవిస్ 'కైండ్ ఆఫ్ బ్లూ' దాటి పెద్దగా వెళ్లలేదు. మీరు చెప్పే పేర్లన్నీ రాసుకుంటున్నాను. ఎక్కడ మొదలుపెట్టాలో ఎవరైనా పెద్దవాళ్లు చెప్తారా? ఒక్కటి చెప్పండి చాలు, అది వినేసి వస్తాను.

పాత_క్యాసెట్ (విజయవాడ)

కొత్తచెవి, ఒక్కటే అంటే 'చేంబర్స్ ఆఫ్ టెయిన్' విను నాన్నా. 'బ్లాక్ కోడ్స్'లో ఉంది. స్వరరచన కర్క్‌లాండ్‌దే. ఈ "టెయిన్" ఎవరంటే డ్రమ్మర్ జెఫ్ వాట్స్. ఆ పేరు పెట్టింది కూడా కర్క్‌లాండే. ఫ్లోరిడాలో టూర్ మీద కారులో వెళ్తుంటే 'చీఫ్‌టెయిన్' అనే పెట్రోలు బంకు కనిపించింది. "జెఫ్ టెయిన్" అన్నాడు, అది అతుక్కుపోయింది. ఈరోజుకీ వాట్స్‌ని అందరూ టెయిన్ అనే పిలుస్తారు. కర్క్‌లాండ్‌కు కూడా ఓ ముద్దుపేరు ఉంది, 'డాక్‌టోన్'. దాని సంగతి తర్వాత వస్తుంది.

ఇక ఆ ఒక్క సొంత ఆల్బమ్ గురించి. దాని పేరు కూడా 'కెన్నీ కర్క్‌లాండ్'. జి.ఆర్.పి. సంస్థ వేసింది. ఆ సంస్థ అంటే అప్పట్లో మెత్తటి, సుఖమైన ఫ్యూజన్‌కు పేరు. ఆ అట్ట చూసి అలాంటిదేదో అనుకుని వదిలేసినవాళ్లు తప్పకుండా ఉండి ఉంటారు. లోపల ఉన్నది పూర్తిగా వేరు. మొదటి ముక్క 'మిస్టర్ జె.సి.' వింటే అర్థమవుతుంది, జె.సి. అంటే జాన్ కోల్ట్రేన్. బ్రాన్‌ఫర్డ్ శాక్సఫోన్, వాట్స్ డ్రమ్స్, గది తలుపులు వేసి వాయించినట్టు ఉంటుంది.

తర్వాత ఆయన ఎవరి స్వరరచనలు ఎంచుకున్నాడో చూడు. బడ్ పవల్ 'సీలియా', మంక్ 'క్రిస్ క్రాస్', ఆర్నెట్ కోల్మన్ 'వెన్ విల్ ది బ్లూస్ లీవ్', వేన్ షార్టర్ 'ఆనా మరియా'. నలుగురు నాలుగు దిక్కుల వాళ్లు. పవల్‌ది వేగంగా నడిచే బీబాప్, మంక్‌ది తన సొంత దేశం, కోల్మన్‌ది కట్టుబాట్లు వదిలేసిన ఫ్రీ జాజ్, చివరగా బ్రెజిల్ వాసన ఉన్న షార్టర్. పియానిస్టులు మామూలుగా ఒక దిక్కుకు మొగ్గుతారు. ఈయన నలుగురి దగ్గరికీ వెళ్లి తన భాషలోనే మాట్లాడి వచ్చాడు. వీటి మధ్యలో తన స్వరరచనలు 'స్టీపియన్ ఫెయిత్', 'చాన్స్', 'రెవెలేషన్స్' పెట్టాడు. పక్కన అంత పెద్దవాళ్లున్నా చిన్నబోలేదు. 'స్టీపియన్ ఫెయిత్' బాణీ ఒకసారి వింటే రెండు రోజులు నోట్లో ఆడుతుంది.

మోహనరాగం (రాజమండ్రి)

పాత_క్యాసెట్ గారూ, ఆ ఆల్బమ్‌లో లాటిన్ లయ సంగతి వదిలేశారు, నేను అందుకుంటాను. జెరీ గొన్సాలెజ్, డాన్ అలియాస్ లాంటి తాళవాద్య విద్వాంసులు ఉన్నారు దాంట్లో. ఆఫ్రో-క్యూబన్ సంగీతంలో 'క్లావె' అని ఒక ఐదు దెబ్బల వరస ఉంటుంది. రెండు కొలతల (బార్‌ల) మీద పరుచుకుంటుంది, ఒక కొలతలో మూడు, ఇంకో కొలతలో రెండు. ఎవరు ఏం వాయించినా ఆ వరసకు ఎదురుపడకుండా వాయించాలి. అది ఎవరూ గట్టిగా కొట్టకపోయినా అందరి మనసులో నడుస్తూ ఉండాలి. తాళం వేసే చెయ్యి కనపడకపోయినా ఆవృత్తం తప్పకుండా పాడే వాళ్లకు ఇది వెంటనే అర్థమవుతుంది.

మంక్ స్వరరచనల్లో ఊత ఎక్కడ పడుతుందో ఊహించలేం, అదే వాటి అందం. 'క్రిస్ క్రాస్'ను క్లావె మీద కూర్చోబెట్టడమంటే రెండు వేర్వేరు లెక్కల్ని ఒకచోట కలపడం. కర్క్‌లాండ్ మంక్‌ని నున్నగా చేసి కలపలేదు. ఆ గరుకుదనం అలాగే ఉంచి, దానికి సరిపోయే చోటు క్లావెలో వెతికాడు. ఇలాంటి పనికి ఎంత ఆలోచన కావాలో స్వరకల్పనలో లెక్కలు కట్టుకునేవాళ్లు ఊహించగలరు. లాటిన్ జాజ్ చరిత్ర రాసేవాళ్లు ఈ ఆల్బమ్‌ను మొదటి వరసలో పెట్టాలని నా గట్టి నమ్మకం.

సిరామరక (చెన్నై)

నేను ఎక్కువ జాజ్ విననుగానీ ఈ చర్చ ఆసక్తిగా చదువుతున్నాను. మన దగ్గర ఇది బాగా తెలిసిన కథే. ఇళయరాజా గారి తెలుగు, తమిళ పాటలు నోటికి వచ్చినవాళ్లలో ఎంతమందికి వాటిలో కీబోర్డు వాయించిన విజి మాన్యుయేల్ పేరు తెలుసు? క్యాసెట్ అట్ట మీద సంగీత దర్శకుడు, గాయకులు, గీత రచయిత. అంతే. పాట మొదట్లో రెండు కొలతల పియానో విని "అబ్బ" అంటాం. ఆ రెండు కొలతలు వాయించిన చేతులెవరివో అడగం.

జాజ్‌లో కనీసం ప్రతి వాద్యకారుడి పేరూ అట్ట వెనక వేస్తారు. అది చాలా మంచి అలవాటు. మనవాళ్లు ఇప్పటికైనా యాప్‌లలో పాటల కింద వాద్యకారుల పేర్లు పూర్తిగా ఇస్తే బాగుంటుంది.

నిక్కచ్చి (బెంగళూరు)

సిరామరక గారూ, పేరు వేయడం అవసరమే. కానీ పేరు వేసినా చదవకపోతే కర్క్‌లాండ్ గతే.

గోదారి గారికి జవాబు. స్టింగ్ రికార్డుల విలువ నేను కాదనలేదు. నా చెవికి మాత్రం కర్క్‌లాండ్ శిఖరం వేరే రెండు చోట్ల ఉంది, రెండూ ఇతరుల ఆల్బమ్‌లే. ఒకటి, 1987లో ఇంపల్స్ సంస్థ వేసిన 'మైకేల్ బ్రెకర్'. శాక్సఫోన్ బ్రెకర్, గిటార్ పాట్ మెథెనీ, బాస్ చార్లీ హేడెన్, డ్రమ్స్ జాక్ డిజానెట్. ఇందులో ప్రతి ఒక్కడూ ఒక పాఠశాల. వాళ్ల మధ్య పియానో ఎక్కడ కూర్చోవాలి? మెథెనీ గిటార్ కూడా కార్డ్స్ వేసే వాద్యమే, ఇద్దరూ ఒకే చోటికి వస్తే గందరగోళం. 'నథింగ్ పర్సనల్' వినండి. కర్క్‌లాండ్ సోలో వచ్చేసరికి గాలి మారిపోతుంది. పొడి పొడిగా, నిబ్బరంగా మొదలుపెడతాడు.

రెండోది, 1997లో శాక్సఫోన్ విద్వాంసుడు కెన్నీ గ్యారెట్ 'సాంగ్‌బుక్'. నాట్ రీవ్స్ బాస్, వాట్స్ డ్రమ్స్. గ్యారెట్ రాసినవి చాలావరకు పాడుకోదగిన చిన్న బాణీలు. 'సింగ్ ఎ సాంగ్ ఆఫ్ సాంగ్' అయితే చిన్నపిల్లలు కూడా పాడతారు. అంత సులువైన బాణీ కింద కర్క్‌లాండ్ వేసే కార్డ్స్ వల్లే అది ప్రార్థనలా పైకి లేస్తుంది. ఆయన పోవడానికి ఏడాది ముందు వచ్చింది. చెయ్యి ఎంత పండిందో వినపడుతుంది.

ఇవి విన్న ప్రతిసారీ నాకు అదే కోరిక. ఇంత పండిన చెయ్యి సొంత పేరు మీద రెండో ఆల్బమ్ చేసి ఉండాల్సింది.

గోదారి_డెట్రాయిట్ (మిషిగన్)

ఆ కోరిక నాకూ ఉందండి, ఆ ముక్కలో మనం ఒకటే.

బ్రాన్‌ఫర్డ్ క్వార్టెట్ (నలుగురి బృందం) గురించి ఎవరూ రాయలేదేమిటి? నాకైతే అసలు కర్క్‌లాండ్ అక్కడే ఉన్నాడు. 1988లో వచ్చిన 'ర్యాండమ్ అబ్‌స్ట్రాక్ట్'లో ఆర్నెట్ 'లోన్లీ వుమన్' వినండి. పావుగంటకు పైగా నడుస్తుంది. ఆర్నెట్ అసలు బృందంలో పియానో లేదు, కావాలనే పెట్టుకోలేదు. పియానో ఉంటే కార్డ్స్ వచ్చి స్వేచ్ఛను కట్టేస్తాయని. అలాంటి స్వరరచనలో పియానిస్టు ఏం చేయాలి? కర్క్‌లాండ్ కార్డ్స్‌తో దారి గీయలేదు. చీకటి గదిలో అక్కడొకటి ఇక్కడొకటి దీపం పెట్టినట్టు స్వరాలు పెట్టుకుంటూ పోయాడు. ఆ తర్వాత 1990లో 'క్రేజీ పీపుల్ మ్యూజిక్', రాబర్ట్ హర్స్ట్ బాస్, వాట్స్ డ్రమ్స్. ఈ నలుగురూ కలిసి తాళం ఉందో లేదో తెలియనంత దూరం వెళ్లి ఒక్క దెబ్బ మీద కలిసేవాళ్లు.

ఇక 'రెక్వియమ్' ఆల్బమ్. దీని గురించి రాయాలంటే నాకు కష్టంగా ఉంటుంది, అయినా రాస్తాను. 1998లో ఈ క్వార్టెట్ మళ్లీ కలిసింది. బాస్ ఎరిక్ రెవిస్. న్యూయార్క్ పక్కన టారీటౌన్ మ్యూజిక్ హాల్లో రికార్డు చేశారు. మళ్లీ వచ్చి ఇంకా బాగా వాయించాలని అనుకున్నారు. ఈలోగా నవంబరు వచ్చింది, కర్క్‌లాండ్ పోయాడు. అప్పటివరకు వాయించినవే 1999లో బయటికొచ్చాయి, ఆయనకు అంకితంగా. అందులో 'డాక్‌టోన్' అనే ముక్క ఉంది. ముద్దుపేరు సంగతి తర్వాత చెప్తానన్నారు కదా పాత_క్యాసెట్ గారు, ఇదే.

చివరి రికార్డు అని తెలిసి వింటాం కాబట్టి ప్రతిదాంట్లో విషాదం వెతుక్కుంటాం. నిజానికి ఆ వాయింపులో విషాదం లేదు. 'బుల్‌వర్త్'లో ఆ నలుగురూ ఎంత ఉల్లాసంగా పోట్లాడుకుంటారో! 'ఎ థౌజండ్ ఆటమ్స్' నెమ్మదిగా నడుస్తుంది, కానీ అది నిబ్బరమైన నెమ్మది. ఇంకా చాలా చేయాలనుకున్న మనిషి వాయింపు అది.

కొత్తచెవి (వరంగల్)

'చేంబర్స్ ఆఫ్ టెయిన్' విన్నాను. హెడ్‌ఫోన్స్ పెట్టుకుని వరసగా విన్నాను. మొదటిసారి ట్రంపెట్ తప్ప ఇంకేమీ తెలియలేదు. మోహనరాగం గారు చెప్పినట్టు ఈసారి పియానోనే పట్టుకుని విన్నాను. వింటన్ వాయిస్తుంటే వెనక పియానో ఒకచోట పూర్తిగా ఆగిపోతుంది. డ్రమ్స్ మాత్రమే ఉంటాయి. ట్రంపెట్ ఇంకా పైకి వెళ్తుంది. అప్పుడు పియానో ఒక్కసారిగా వస్తుంది చూడండి, ఒళ్లు జలదరించింది. ఇంతవరకు ఎప్పుడూ వెనకాల ఉన్న వాద్యం కోసం పాట వినలేదు.

ఒక సందేహం. బ్రాన్‌ఫర్డ్ బృందంలో కర్క్‌లాండ్ తర్వాత ఎవరు వచ్చారు? ఆయన పద్ధతి ఎవరైనా కొనసాగించారా?

ఎడమచెయ్యి (హైదరాబాద్)

శభాష్ తమ్ముడూ. ఆగిపోయిన చోటు పట్టుకున్నావంటే నీ చెవి బాగుంది.

బ్రాన్‌ఫర్డ్ బృందంలోకి జోయీ కాల్డరాజో వచ్చాడు. 2000లో వచ్చిన 'కాంటెంపరరీ జాజ్' నుంచి ఆయనే. మంచి పియానిస్టు, పెద్ద గొంతు ఉన్నవాడు. కర్క్‌లాండ్‌ను అనుకరించలేదు, అదే ఆయన చూపించిన గౌరవం.

పద్ధతి కొనసాగడం గురించి అంటే, ఇప్పటి పియానిస్టుల్లో ఎడమచేత్తో స–మ కార్డ్స్ పొడిగా కొట్టి కుడిచేత్తో డ్రమ్మర్‌తో మాట్లాడుతున్నట్టు వాయించే ఎవరిని విన్నా నాకు ఆయన చెయ్యి వినపడుతుంది. అది పేరు చెప్పుకోని వారసత్వం. పేరు చెప్పుకున్న వారసత్వం కూడా ఉంది. పియానిస్టు నోవా హైడు 2020లో 'డాక్‌టోన్' పేరుతో ఆల్బమ్ తెచ్చాడు, మొత్తం కర్క్‌లాండ్ స్వరరచనలే. ఒక వాద్యకారుడు పోయిన ఇరవై ఏళ్ల తర్వాత ఇంకో పియానిస్టు కూర్చుని ఆయన రాసినవన్నీ నేర్చుకుని వాయించాడంటే అవి నిలబడే రచనలే కదా. నిక్కచ్చి గారు అడిగిన రెండో ఆల్బమ్‌కు సరిపడా సరుకు ఆయన రాసే పెట్టాడు. దాన్ని ఇతరుల రికార్డుల్లో పంచేశాడు, అంతే తేడా.

నిక్కచ్చి (బెంగళూరు)

ఆ చివరి మాట నాకు నచ్చింది ఎడమచెయ్యి గారూ. అలా చూస్తే ఆయన స్వరరచనల గురించే విడిగా ఒక చర్చ నడపాలి. 'డియెండా' ఒక్కదాని మీదే పేజీ రాయొచ్చు. బ్రాన్‌ఫర్డ్ 1986లో 'రాయల్ గార్డెన్ బ్లూస్'లో వాయించాడు. నెమ్మదైన బాణీ, కార్డ్స్ ఎక్కడా అనుకున్న చోటికి వెళ్లవు, అయినా ఎక్కడా బలవంతం అనిపించదు. ఇది రాసినవాణ్ని "మంచి సైడ్‌మన్" (ఇతరుల బృందంలో వాయించేవాడు) అని ఒక్క మాటలో తేల్చేసిన విమర్శకుల మీద నాకు నిజంగా కోపం ఉంది.

మోహనరాగం (రాజమండ్రి)

అయితే అలాగే చేద్దాం. నేను 'డియెండా' స్వరాలు మన స్వరలిపిలో రాసి పెడతాను, ఇక్కడ కర్ణాటక వాళ్లు చాలామంది ఉన్నారు, చదవడానికి వీలుగా ఉంటుంది. కార్డ్స్ భాగం ఎడమచెయ్యి గారు చూసుకోవాలి.

ఎడమచెయ్యి (హైదరాబాద్)

తప్పకుండా మేడమ్. బాణీ కింద ప్రతి కార్డూ పెడతాను. ఆదివారం రాత్రికి సిద్ధం చేస్తాను.

పాత_క్యాసెట్ (విజయవాడ)

బాగుంది. 'డియెండా'కు కొత్త చర్చ నేను తెరుస్తాను, ఆదివారం తర్వాత అందరం అక్కడ కలుద్దాం. కొత్తచెవి, ఈలోగా నువ్వు 'లోన్లీ వుమన్' రెండూ విను. ముందు ఆర్నెట్‌ది, 1959. తర్వాత బ్రాన్‌ఫర్డ్ బృందానిది. రెండింటి మధ్య పియానో ఏం మార్చిందో ఇక్కడే రాయి.